మెటల్ గిటార్‌కు ఏ పికప్?

హెవీ మెటల్ కోసం గిటార్ పికప్ మార్చాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు చూసేది ఒక అంకె, డీసీ రెసిస్టెన్స్. 8 కిలో ఓమ్‌లుంటే బ్లూస్‌కు, 16 ఉంటే మెటల్‌కు అని ఒక లెక్క వాడుకలో స్థిరపడిపోయింది. అంకె పెరిగినకొద్దీ మోత పెరుగుతుందని, మోత పెరిగితే మెటల్ అయిపోతుందని నమ్మకం. ఈ లెక్క తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. సిగ్నల్‌ను పెంచడానికి ఆంప్లిఫయర్ ఉండనే ఉంది. పికప్‌ను అడగాల్సిన పని వేరే: డిస్టార్షన్ తగలకముందే కింది స్థాయి స్వరాలు ఉబ్బిపోకుండా, దేనికది విడిగా వినిపించేలా పట్టి ఉంచడం.

ఈ సంగీతం పుట్టుకే ఇందుకు సాక్ష్యం. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ యంత్రం కింద రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్న టోనీ అయోమీ, 1970లో వచ్చిన బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌లో ఎక్కువ భాగాన్ని గిబ్సన్ ఎస్‌జీ మీద వాయించాడు. దానిలో ఉన్నవి ఒంటి కాయిల్ పి-90 పికప్‌లు. నేటి కేటలాగుల లెక్కలో అవి మెటల్‌కు పనికొచ్చే సరుకే కాదు. పైగా ఆయన గిటార్‌కూ లేనీ ఆంప్‌కూ మధ్య పెట్టింది ట్రెబుల్ బూస్టర్, అంటే పై స్వరాలను పెంచే పెట్టె. అంత బరువైన ధ్వని కోసం బాస్‌ను కాక ట్రెబుల్‌ను పెంచడం వింతగా అనిపిస్తుంది గానీ, అసలు కిటుకు అక్కడే ఉంది.

డిస్టార్షన్ అంటే తరంగం శిఖరాలను నరికేయడం. అలా నరికినప్పుడు ఒకేసారి మోగుతున్న రెండు స్వరాల కూడికలూ తేడాలూ కొత్త స్వరాలుగా పుడతాయి. లావు తీగ మీద ‘ఈ’ (E) స్వరం సుమారు 82 హెర్ట్జ్, దాని పంచమం సుమారు 123. రెంటినీ కలిపి మీటితే 41 హెర్ట్జ్ దగ్గర ఎవరూ వాయించని ఇంకో స్వరం, సరిగ్గా ఒక స్థాయి కింద, పలుకుతుంది. పవర్ కార్డ్ బరువులో కొంత దీనిదే. అయితే లోపలికి వచ్చే సిగ్నల్‌లో బాస్ మరీ ఎక్కువైతే అదే నరుకుడంతటినీ ఆక్రమిస్తుంది. అరచేతితో తీగలను అదిమి వేగంగా కొట్టే దెబ్బలు విడివిడిగా కాక ఒకే ముద్దగా వినిపిస్తాయి. చాలామంది మెటల్ వాద్యకారులు ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌లో డ్రైవ్‌ను దాదాపు సున్నాలో ఉంచి ఆంప్ ముందు వాడేది ఇందుకే. అది సుమారు 720 హెర్ట్జ్ నుంచి కిందికి బాస్‌ను క్రమంగా తగ్గిస్తుంది. అంటే వాళ్లు పెడల్‌తో చేయించుకుంటున్న పనిలో కొంత పికప్‌ నుంచే రాబట్టుకోవచ్చు.

ఇక ఆ అంకె సంగతి. కాయిల్‌లో రాగి తీగ చుట్లు పెంచితే రెసిస్టెన్స్‌తో పాటు సిగ్నల్ పెరిగేమాట నిజమే. కానీ కాయిల్ ఇండక్టెన్స్ చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చుట్లు రెట్టింపైతే ఇండక్టెన్స్ దాదాపు నాలుగింతలవుతుంది, పికప్ బాగా పలికే శిఖరం ఇంచుమించు సగం ఫ్రీక్వెన్సీకి పడిపోతుంది. ఆ మేరకు పై స్వరాల పదును పోతుంది. మరో తిరకాసు తీగ మందంలో ఉంది. 42 గేజ్ బదులు ఇంకా సన్నని 44 గేజ్ తీగ చుడితే చుట్లు పెంచకపోయినా రెసిస్టెన్స్ పెరిగిపోతుంది. కాబట్టి ఒకే రకం తీగతో, ఒకే కొలతలో చేసిన రెండు పికప్‌లను పోల్చడానికి తప్ప ఆ అంకె దేనికీ పనికిరాదు.

అలాగైతే 1972లో లారీ డిమార్జియో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ పికప్‌కు అంత గిరాకీ ఎందుకు వచ్చిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నాటి ఆంప్‌లు వాటంతటవి అంతగా డిస్టార్ట్ అయ్యేవి కావు, వాటిని ముందునుంచి బలంగా నెట్టాల్సి వచ్చేది. సిరామిక్ అయస్కాంతంతో, ఎక్కువ చుట్లతో చేసిన ఆ పికప్ ఆ పని చేసింది. ఈనాటి హై గెయిన్ ఆంప్‌లలో గెయిన్ నాబ్‌ను సగం తిప్పడానికే చోటుండదు. అవసరం తీరిపోయింది, అలవాటు మిగిలింది.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఈఎంజీ 81. జేమ్స్ హెట్‌ఫీల్డ్ నుంచి జాక్ వైల్డ్ దాకా ఎందరో వాడిన ఈ పికప్ హోరెత్తిస్తుంది కదా? ఎత్తిస్తుంది, కానీ దాని కాయిల్‌లో చుట్లు తక్కువే. సిగ్నల్‌ను పెంచేది 9 వోల్టుల బ్యాటరీతో నడిచే లోపలి ప్రీఆంప్. తక్కువ చుట్ల వల్ల పదును నిలుస్తుంది, పొడవాటి కేబుల్ ఆ పదునును మింగలేదు, రొద కూడా తక్కువ. దాని కీర్తికి అసలు కారణం దెబ్బలను విడివిడిగా పలికించే బిగుతేనని నేనంటాను. అది తన 25 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్‌లతోనే సరిగ్గా పనిచేస్తుంది, మామూలు పికప్‌ల 500 కిలో ఓమ్‌ల పాట్‌లతో కలిపేస్తే చిక్కే.

పికప్ కన్నా స్పీకర్ తేడాయే ఎక్కువ వినిపిస్తుందనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట కాదనలేను, డబ్బు ఒక్కదానికే సరిపోతే స్పీకర్ మార్చుకోవడమే మేలు. అయితే స్పీకర్ డిస్టార్షన్ తర్వాత వస్తుంది, పికప్ ముందు వస్తుంది. ముందే ముద్దైపోయిన దెబ్బలను ఏ స్పీకరూ విడదీయలేదు. రొద విషయమూ అంతే. గెయిన్ పెరిగినకొద్దీ మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌మనే హమ్ కూడా పెరుగుతుంది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్, ఎదురెదురు కాయిల్స్‌తో దానిని మొదట్లోనే చాలావరకు రద్దు చేస్తుంది. పి-90తో అయోమీకి ఆ సుఖం లేదు.

కాబట్టి ఎంపిక గిటార్‌ను బట్టి, శ్రుతిని బట్టి సాగాలి. తీగలను బీ దాకా, అంటే సుమారు 62 హెర్ట్జ్‌కు దించే గిటార్‌కు బాస్ తక్కువగా, మధ్యస్థాయి పైభాగం ముందుకొచ్చే పికప్ కావాలి. ఇప్పటికే గీపెట్టే గిటార్‌కు అదే వేస్తే చెవులకు తూట్లు పడతాయి, దానికి కాస్త నిండుగా పలికే అల్నికో అయస్కాంతం నప్పుతుంది. గెయిన్ ఎక్కువ వాడేవాళ్లు కాయిల్‌ను మైనంలో నానబెట్టారా లేదా అనేది తప్పక అడగాలి. లేకపోతే కాయిల్ తీగే వణికి కీచుమంటుంది. ఇంకో మాట, సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించేముందు స్క్రూడ్రైవర్ తీయడం మంచిది. లావు తీగల వైపు పికప్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు దించితే బాస్ తగ్గుతుంది, అయస్కాంతం తీగలను లాగడమూ తగ్గుతుంది. కొన్ని గిటార్లకు అంతకు మించి మార్పు అక్కర్లేదు.