ముసుగు తొలగిన వేళ: స్లాషర్ చిత్రాలలో హంతకుని ఆవిష్కరణ, ప్రేక్షకునికి దక్కే న్యాయం

వెస్ క్రేవెన్ దర్శకత్వంలో 1996లో వెలువడిన ‘స్క్రీమ్’ చిత్రం ప్రారంభ సన్నివేశంలో ఒక అజ్ఞాత వ్యక్తి ఫోనులో ఒక యువతిని ప్రశ్న అడుగుతాడు. ‘ఫ్రైడే ద థర్టీన్త్’ చిత్రంలో హంతకుడెవరన్నది ఆ ప్రశ్న. ఆమె తడుముకోకుండా జేసన్ పేరు చెబుతుంది. సమాధానం తప్పు. 1980 నాటి ఆ తొలి చిత్రంలో హత్యలు చేసింది జేసన్ కాదు, అతని తల్లి పమేలా వోర్హీస్. ఆ పొరపాటుకు యువతి స్నేహితుడు ప్రాణాలతో మూల్యం చెల్లిస్తాడు. ప్రశ్న అడిగినవాడు మోసం చేశాడా అన్న సందేహం ఇక్కడ కలగకమానదు. అంతకుముందే వేయవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ పాత చిత్రం తన ప్రేక్షకునితో న్యాయంగా ప్రవర్తించిందా?

హంతకుడెవరో చివరివరకు దాచి ఉంచే కథలలో న్యాయం అనే మాట అపరాధ పరిశోధక నవల నుండి వచ్చింది. అగాథా క్రిస్టీ ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ 1926లో వెలువడి, కథకుని నిజాయితీపై పెద్ద వివాదాన్ని రేపింది. 1928లో వాన్ డైన్ ఇరవై నియమాలను, 1929లో రోనాల్డ్ నాక్స్ పది నియమాలను రూపొందించారు. పరిశోధకునికి దొరికిన ఆధారాలన్నీ పాఠకునికీ దొరకాలన్నది వాటి సారం. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలతో పెరిగిన తెలుగు పాఠకునికీ ఈ ఒప్పందం కొత్తది కాదు. అయితే ఈ కొలబద్దను స్లాషర్ చిత్రానికి యథాతథంగా తీసుకురావడంలో ఒక చిక్కు ఉంది. ఈ చిత్రాలలో సాధారణంగా పరిశోధకుడు ఉండడు. ఉన్నా ఆలస్యంగా వస్తాడు, లేదా ముందే చనిపోతాడు. ప్రేక్షకుడు సమస్యాపూరణానికి కూర్చున్నవాడు కాడు. తర్వాతి దెబ్బ ఎటునుండి పడుతుందోనని బిగుసుకొని కూర్చున్నవాడు. కనుక ‘ఊహించగలిగేవాడా, లేడా’ అన్నది ఇక్కడ సరైన ప్రశ్న కాదు.

ఈ విషయంలో భారతీయ నాట్యశాస్త్రం మరింత ఉపయోగకరమైన దృష్టిని ఇస్తుంది. నిర్వహణ సంధిలో అద్భుత రసం ఉండాలని భరతుడు విధించాడు. అంటే ముగింపులో ఆశ్చర్యం దోషం కాదు, విహితం. కాని ఆ నిర్వహణకు రావలసినది ముఖసంధిలో నాటిన బీజమే. మొదట స్వల్పంగా సూచింపబడి, పలువిధాల విస్తరించి, చివరకు ఫలంగా పరిణమించేదానికే బీజమని పేరు. ఆశ్చర్యం ఎంత గొప్పదైనా, అది నాటిన విత్తనం నుండి మొలిచిందా, లేక బయటి నుండి తెచ్చి నిలబెట్టిన చెట్టా అని అడగవచ్చు. రెండవసారి చూసినప్పుడు మొదటి అంకం కూలిపోతే అది రెండవ రకం.

షాన్ కన్నింగ్‌హామ్ చిత్రం ఈ పరీక్షకు కఠినమైన ఉదాహరణ. 1958లో క్రిస్టల్ లేక్ శిబిరంలో ఇద్దరు యువ సహాయకులు హత్యకు గురవుతారు. ఏళ్ల తర్వాత శిబిరాన్ని తిరిగి తెరవడానికి వచ్చినవారు ఒక్కొక్కరే చనిపోతారు. హంతకుని ముఖం కనబడదు. కెమెరా అతని కన్నులలో కూర్చుంటుంది. చివరి భాగంలో మాత్రమే ఒక పెద్దావిడ జీపులో దిగి, శిబిరం యజమానుల కుటుంబానికి పాత స్నేహితురాలినని పరిచయం చేసుకుంటుంది. నిమిషాలలోనే ఆమె హంతకురాలని తేలుతుంది. 1957లో శిబిరంలోని సరస్సులో మునిగిపోయిన తన కొడుకు జేసన్‌ను కాపాడవలసినవారు పట్టించుకోలేదన్నది ఆమె ఆరోపణ. అంతవరకు ఆమె తెరపై లేదు, ఆమె పేరూ లేదు. నాక్స్ మొదటి నియమమే హంతకుడు కథారంభంలో కనిపించి ఉండాలన్నది. ఆ లెక్కన ఈ చిత్రం ఓడిపోయింది.

కాని ఓటమి అంత సూటిగా లేదు. 1958 సన్నివేశంలో పట్టుబడిన యువకుడు ఎదుటి వ్యక్తికి సంజాయిషీ చెప్పుకుంటాడు. అపరిచితునికి ఎవరూ సంజాయిషీ చెప్పరు. ఆ వ్యక్తి శిబిరానికి తెలిసిన పెద్దమనిషి అని చిత్రం తొలి నిమిషాలలోనే చెప్పేసింది. శిబిరం యజమాని స్టీవ్ క్రిస్టీ కూడా తనను చంపబోయే మనిషిని చూసి పరిచయస్థునిలాగే పలకరిస్తాడు. వంటపనికి బయలుదేరిన యువతి ఎక్కిన జీపు, చివర పెద్దావిడ దిగిన జీపు కూడా ఒక దారం వంటివే. అంటే బీజం లేకపోలేదు. అది మొలకెత్తే వ్యక్తి మాత్రం లేదు. ‘పరిచయస్థుడు’ అన్న సూచనను ఏ పాత్రకు తగిలించాలో ప్రేక్షకునికి తెలియకుండా చేయడమే ఈ చిత్రం ఎత్తుగడ.

ఇంతకంటె తీవ్రమైన అభ్యంతరం చేతుల గురించి. హంతకుని చేతులుగా తెరపై కనిపించినవి చాలాచోట్ల బెట్సీ పామర్‌వి కావు; మేకప్ విభాగంలో పనిచేసిన ఒక పురుషునివి. ప్రేక్షకుడు హంతకుడు మగవాడని అనుకుంటే అది అతని పూర్వాభిప్రాయం, దానిని వాడుకోవడం న్యాయమే. కాని మగవాని చేతిని చూపి ఆ అభిప్రాయాన్ని స్థిరపరచడం వేరు. దాచడానికీ, అబద్ధం చెప్పడానికీ మధ్య గీత ఇక్కడే ఉంది. హిచ్‌కాక్ ‘సైకో’ (1960) తల్లి ముఖం కనబడకుండా మెట్లపై హత్యను పైనుండి చిత్రించింది. అది దాచడం. తల్లి పదేళ్ల క్రితమే చనిపోయిందని షెరీఫ్ చేత నడుమనే చెప్పించి, లెక్క సరిచేసుకుంది కూడా. అదే హిచ్‌కాక్ ‘స్టేజ్ ఫ్రైట్’ (1950)లో జరగని సంఘటనను గతస్మృతిగా చూపి, తర్వాత ట్రూఫోతో సంభాషణలో దానిని తప్పుగా అంగీకరించడం గమనార్హం. మాట అబద్ధమాడితే ప్రేక్షకుడు క్షమిస్తాడు. దృశ్యం అబద్ధమాడితే ఇక దేనిని నమ్మి కూర్చోవాలి?

ఈ ప్రశ్నను ‘స్క్రీమ్’ రచయిత కెవిన్ విలియమ్‌సన్ బాగా ఎరిగినవాడు. హంతకుడు ఒక్కడేనన్న ప్రేక్షకుని లెక్కను ఆయన వాడుకున్నాడు. హంతకులు ఇద్దరు కావడంతో ప్రతి నిర్దోషత్వ సాక్ష్యమూ రెండవసారి చూసినప్పుడు నేరసాక్ష్యమవుతుంది. బిల్లీ పోలీసు నిర్బంధంలో ఉండగా సిడ్నీకి ఫోను రావడం వల్ల అతడు నిర్దోషి అనిపిస్తాడు. ఆ ఫోను రెండవవానిది. దాడి జరిగిన మరుక్షణం బిల్లీ కిటికీలో ప్రత్యక్షం కావడం, అతని వద్ద నుండి ఫోను జారిపడడం చిత్రం దాచలేదు, ముందుకే నెట్టింది. వీడియో దుకాణంలో రాండీ అతనినే హంతకుడని బాహాటంగా అంటాడు. అన్నిటికంటె విలువైనది బడి నడవాలోని చిన్న సంభాషణ. తన తల్లి ఇల్లు విడిచి వెళ్లడాన్ని తాను ఒప్పుకున్నట్లే సిడ్నీ తన తల్లి మరణాన్ని ఒప్పుకోవాలన్న ధోరణిలో బిల్లీ మాట్లాడతాడు. మొదటిసారి అది మొరటు ఓదార్పు. రెండవసారి అది హత్యకు కారణం. సిడ్నీ తల్లితో తన తండ్రి సంబంధం వల్లనే తన తల్లి వెళ్లిపోయిందన్న పగ ఆ వాక్యంలోనే ఉంది. బీజమంటే ఇది. స్టూ విషయంలో మాత్రం చిత్రం ఒక హాస్యోక్తితో తప్పించుకున్నది. అతనికి కారణం అంటూ ఏదీ నాటలేదు. రెండవ హంతకుడు ప్రధానంగా కథాసౌకర్యం కొరకే ఉన్నాడన్న విమర్శకు సమాధానం దొరకడం కష్టం.

ఫ్రెంచి దర్శకుడు అలెగ్జాండ్ర్ అజా తీసిన ‘హాట్ టెన్షన్’ (2003) ఇందుకు పూర్తిగా ఎదురు. స్నేహితురాలు అలెక్స్ ఇంటికి వచ్చిన మారీ, ఒక లారీ మనిషి ఆ కుటుంబాన్ని చంపడం చూసి, అలెక్స్‌ను రక్షించడానికి వెంటపడుతుంది. పెట్రోలు బంకులోని నిఘా కెమెరా దృశ్యంలో హంతకురాలు మారీయేనని తెలుస్తుంది. ఈ చిత్రాన్ని సమర్థించేవారికి ఒక బలమైన ఆధారం లేకపోలేదు. ప్రారంభంలోనే మారీ ఆసుపత్రిలో కనిపిస్తుంది, కనుక కథంతా ఆమె చెప్పినదేనని వాదించవచ్చు. వాదన ఒప్పుకున్నా చిక్కు తీరదు. లారీలో బంధింపబడిన అలెక్స్‌ను మారీ వేరొక కారులో వెంబడిస్తుంది. ఇద్దరూ ఒకరే అయితే ఒక మనిషి రెండు వాహనాలు నడిపినట్లు. ఇందులో ఏది జరిగింది, ఏది భ్రమ? కథకురాలు అబద్ధమాడవచ్చు, కాని ఆ అబద్ధం వెనుక జరిగిన నిజాన్ని ప్రేక్షకుడు పునర్నిర్మించుకోగలగాలి. అక్రాయిడ్ నవల చదివినవాడు వెనుకకు వెళ్లి కథకుడు దాటవేసిన క్షణాలను వేలుపెట్టి చూపగలడు. అజా చిత్రంలో వెనుకకు వెళ్లినవానికి నిలబడడానికి నేల దొరకదు.

నేల దొరకడం అంటే ఏమిటో డారియో అర్జెంటో ‘ప్రొఫోండో రోసో’ (1975) చూపింది. ఇది స్లాషర్‌కు పూర్వరూపమైన ఇటాలియన్ జాల్లో సంప్రదాయానికి చెందినది. హత్య జరిగిన ఇంటి నడవాలో కథానాయకుడు వరుసగా ఉన్న చిత్రపటాలను దాటి పరుగెత్తుతాడు. తర్వాత ఒక పటం మాయమైందని అనుకుంటాడు. నిజానికి అతడు చూసినది పటం కాదు, అద్దంలో హంతకురాలి ముఖం. కెమెరా ఆ ముఖాన్ని ఆ క్షణంలోనే చూపింది. చూసి కూడా చూడనిది ప్రేక్షకుడే. ఇంత న్యాయంగా ప్రేక్షకుని ఓడించిన చిత్రాలు అరుదు.

న్యాయం ప్రేక్షకునికి మాత్రమేనా అన్న ప్రశ్న మిగిలింది. కరోల్ క్లోవర్ 1992 నాటి గ్రంథంలో, హంతకుని కళ్లతో మొదలైన ప్రేక్షకుడు చివరకు మిగిలిన యువతి పక్షాన చేరుతాడని వివరించింది. ఈ ప్రయాణంలో దారిలో చనిపోయినవారూ, ఆవిష్కరణకు సాధనమైన హంతకులూ లెక్కలోకి రారు. పమేలా వోర్హీస్ దుఃఖం మొదటి అంకంలో నాటి ఉంటే, ముగింపులో భయానకంతో పాటు కరుణ కూడా పండేది. కొన్ని నిమిషాలలో దించిన దుఃఖం సంజాయిషీగానే మిగిలింది.

రాబర్ట్ హిల్ట్‌జిక్ ‘స్లీప్‌అవే క్యాంప్’ (1983) ఈ అన్యాయానికి పరాకాష్ఠ. ప్రేక్షకుని పట్ల ఆ చిత్రం చాలావరకు నిజాయితీగా ఉంది. మౌనంగా ఉండే ఏంజెలా నీటిలోకి దిగదు, ఇతర బాలికలతో కలిసి స్నానం చేయదు. ఆమెను బాధించినవారే చనిపోతారు. పెంచిన మేనత్త ప్రవర్తన మొదటి నుండే విడ్డూరం. ప్రమాదంలో చనిపోయినది నిజమైన ఏంజెలా. బ్రతికిన సోదరుడు పీటర్‌ను మేనత్త ఆడపిల్లగా పెంచింది. సూచనలన్నీ సరిపోతాయి. కాని చివరి క్షణాలలో సరస్సు ఒడ్డున ఆ పాత్ర ఒడిలో తెగిన తల ఉంది. చూసినవారు అరిచింది ఆ తలను చూసి కాదు, లేచి నిలబడిన ఆ శరీరాన్ని చూసి. నటి ముఖాకృతి గల ముసుగును మరొక పురుషుని శరీరానికి తొడిగి ఆ దృశ్యాన్ని చిత్రించారు. పెద్దల నిర్ణయానికి బలైన ఒక పిల్లవాని దేహం, నోరు తెరిచిన ఆ ముఖంతో, తెరపై నిశ్చలచిత్రంగా ఆగిపోతుంది.