ఆముక్తమాల్యద రాజనీతి: రెండు శాఖల మధ్య జారిన పాఠం

అంతర్జాతీయ సంబంధాలు చదివే విద్యార్థికి ప్రాచీన భారతీయ చింతన అనగానే ఎదురయ్యేది కౌటిల్యుని మండల సిద్ధాంతమే. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు కుమారునికి చేసిన రాజనీతి బోధ ఆ తరగతికి చేరదు. రేవులను చక్కగా నిర్వహించాలనీ, గుర్రాలూ ఏనుగులూ తెచ్చే దూరదేశ వర్తకులకు ఊళ్లూ, నగరంలో నివాసాలూ, కొలువులో మన్ననా, తగిన వెలా ఇచ్చి, ఆ సరకు శత్రువుకు దక్కకుండా చూడాలనీ అందులో ఉంది. వాణిజ్యాన్ని రక్షణవ్యూహంగా చూసిన ఈ కవి స్వయంగా పాలకుడు. గుర్రాల కోసం పోర్చుగీసువారితో వ్యవహరించినవాడు. రాజనీతిశాస్త్ర శాఖ దీన్ని కావ్యమని వదిలేస్తుంది. తెలుగు శాఖలవారం (నన్నూ కలుపుకొనే అంటున్నాను) ఋతువర్ణనల వద్ద ఆగి, ఈ పద్యాలను ‘లోకజ్ఞత’ అనే ఒక్క మాటతో దాటవేస్తాం. ఆ ప్రౌఢపద్యాలు రాజనీతి విద్యార్థికి కొరుకుడు పడవు. వాటికి సుబోధమైన వచన వ్యాఖ్య రాయవలసింది మనమే.