పిల్లికి కూలి బాకీ

సోమవారం పొద్దున చాదర్ మడత విప్పితే దాని మీద నాలుగు బియ్యపు గింజలు కనిపించాయి. దులపబోతే ఒక గింజ ముడుచుకుని మళ్లీ సాగింది. అది మా రాణి పడుకునే చోటు. రాణి అంటే మా ఇంటికి వచ్చిపోయే పిల్లి. కండెల పెట్టెలో ఈని, కళ్లు తెరవని పిల్లల కోసం నా చేత సాంచె (మరమగ్గం) ఆపించిన మహాతల్లి.

ఆ గింజలు బద్దెపురుగు ముక్కలు. అది పిల్లి పేగులో ఉండి, తోక చివరి ముక్కలను ఒక్కొక్కటిగా తెంచి బయటికి పంపుతుంది. ఎండితే అవే నువ్వుల్లా కనిపిస్తాయి. విషయం తెలిసినా నేను కదల్లేదు. పిల్లి వీధిది, వచ్చినప్పుడు పాలు పోస్తాం, పోయినప్పుడు వెతకం. దానికి డాక్టరు, ఫీజు, మందుల చీటీ ఏమిటి? నాది పాత పాటే.

పక్కింటి పెద్దమ్మ నాకు వంత పాడింది. "గంతదానికి దవాఖాన ఎందుకురా? చిటికెడు తంబాకు బెల్లంల పెట్టి మింగియ్యి."

మా విడీ ఘర్కుల్‌లో తంబాకుకు కొదవ లేదు. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే ఇల్లు. మగవాళ్లు సాంచెల మీదికి పోతే ఆడవాళ్లు చేటలో తునికాకు పెట్టుకుని కూర్చునే పేట ఇది. పెద్దమ్మ మాట ఉత్త పిచ్చి కూడా కాదు. ఒకప్పుడు గొర్రెల కడుపులో పురుగులకు మైలుతుత్తంతో నికోటిన్ కలిపి తాగించేవారు. కుక్కల బద్దెపురుగుకు వక్కలోని ఆరెకోలిన్ వాడేవారు. అంటే పెద్దమ్మ వక్కాకు సంచిలోనే రెండు పురుగుమందులున్నాయి. చిక్కల్లా ఏమిటంటే, పురుగు చచ్చే మోతాదుకూ పిల్లి చచ్చే మోతాదుకూ మధ్య ఎడం చిటికెడు కూడా ఉండదు. పిల్లల బడిలో ఫిబ్రవరి 10న నమిలించే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర సగం విరిచి వేద్దామా అనుకున్నాను. అదీ తప్పేనట. పిల్లుల్లో ఆ మందు ఎముకల మూలుగను దెబ్బతీసి రక్తం తయారు కాకుండా చేయగలదు.

చివరికి డాక్టరు దగ్గరికే పోయాం. ఆయన ముందు దాన్ని తూకానికి పెట్టాడు. 3 కిలోల 200 గ్రాములు. ఆ తూకానికి సరిపడా ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇస్తూ అడిగాడు: "ఎలుకలు పడుతుందా?"

"రోజూ పడుతుంది," అన్నాను గర్వంగా.

"అయితే మళ్లీ వస్తుంది. పురుగు ఎలుక కాలేయంలో పిల్లగా పెరిగి, ఎలుకను తిన్న పిల్లి పేగులో పెద్దదవుతుంది. వెంట్రుకల్లో గెంతే పురుగుల వల్ల వచ్చే బద్దెపురుగు వేరే ఉంది, ఒళ్లు కూడా దువ్వి చూడండి. మూడు నెలలకోసారి తీసుకురండి."

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది. గంజి పట్టిన పోగంటే ఎలుకలకు పండగ. ఒక్క రాత్రిలో పడుగు నాశనం చేస్తాయి. రాణి ఉన్నందుకే నా నూలు దక్కుతోంది. పని నాది, పురుగు దానిది.

ఇదే లెక్క మీద నేనెన్ని వారాలు ఈ కాలమ్‌లో గొంతు చించుకున్నానో మీకు తెలుసు. అమ్మ తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతిని గోటితో మడిచి, దారం కట్టేది. దినానికి వెయ్యి. రాత్రి కందిలి దగ్గర ఆమె దగ్గు, ఆకు మీద కత్తెర చప్పుడు ఒకదాని వెనుక ఒకటి వినిపించేవి. తంబాకు దుమ్ము ఇంట్లో అన్నం మీద కూడా వాలేది. దగ్గుకు మందు ఖర్చు అడగబోతే కార్ఖానా మేస్త్రీ అన్న మాట నాకింకా గుర్తుంది: "ఆమె మా మనిషి ఎట్లయితది? ఇంట్ల కూసుని చుట్టుకుంటది, ఇష్టమైతే తెస్తది." ఇంట్లో చుట్టేవాళ్లూ కార్మికులేనని 1966 బీడీ కార్మికుల చట్టం చెప్పింది. 1976 చట్టం వాళ్లకు సంక్షేమ నిధి పెట్టింది. కుంభారి ఊరి దగ్గర నాయకురాలు గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మికులకు 10,000 ఇళ్లు 2006లో ఊరికే రాలేదు. ఆడవాళ్లు రోడ్డెక్కితే వచ్చాయి. పని వల్ల వచ్చిన రోగానికి పని చేయించుకున్నవాడే ఖర్చు పెట్టాలి. ఇది నా కంఠపాఠం.

మరి సోమవారం నేనన్నదేమిటి? 'వీధి పిల్లి, వస్తే వస్తుంది, పోతే పోతుంది.' మేస్త్రీ మాటకు నేను మార్చింది యాస ఒక్కటే.

మాత్ర వేయడం మాత్రం నా వల్ల కాలేదు. రెండుసార్లు ఉమ్మేసింది. మూడోసారి చేదుకు నురగ కక్కి నా వేలు కొరికింది. పెద్దమ్మ చూసి చూసి "ఇటియ్యి" అంది. తుండులో పిల్లిని బీడీలా చుట్టి, ఎడమ చేత్తో తల పైకెత్తి, నలభై ఏళ్లుగా బీడీ మూతులు మడిచిన బొటనవేలితో మాత్రను నాలుక మొదట్లోకి నెట్టి, నోరు మూసి గొంతు నిమిరింది. గుటక పడింది. తంబాకు అంటిన వేళ్లు ముందే సబ్బుతో కడుక్కుంది, నేను చెప్పకుండానే.

మర్నాడు చచ్చిన పురుగు కోసం చూశాను. ఏమీ రాలేదు. అది పేగులోనే అరిగిపోతుందట. సాంచె పక్కన వేలాడే కూలి పుస్తకం తీసి, మూడు నెలల తర్వాతి తేదీ వేసి, రాణి పేరు రాశాను.

పెద్దమ్మ తొంగిచూసింది. "ఏందిరా, దానికి గూడ బీడీ కార్డు తీస్తున్నవా?"

"ఆలస్యమైంది పెద్దమ్మా," అన్నాను.