దమ్ము చేసిన మడిలో వంతులు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వాకు నీరు వదిలే రోజులు దగ్గరపడగానే, ఒక్క సీసా సూక్ష్మజీవుల ద్రావణంతో చచ్చిన నేలకు జీవం పోస్తామనే ప్రకటనలు ఈ వారం కూడా యథాప్రకారం వెలువడ్డాయి. నేలను కదపకపోవడమే దానికి మేలని వాదిస్తూ, వరి కోసిన మడిలో దున్నకుండా వేసే మొక్కజొన్నను పదేపదే మెచ్చుకున్న ఈ శీర్షిక, ఆ ప్రకటనలకు సమాధానం దమ్ములోనే వెతకవలసి రావడం కొంత ఇబ్బందికరమే.

వేసవిలో బీటలువారిన నేలను నీటితో నింపి బురదగా కలియదున్నడం, అంటే దమ్ము చేయడం, సూక్ష్మజీవులకు పెద్ద కుదుపు. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక, మట్టిలో మిగిలిన కాస్తా ఒకటి రెండు రోజుల్లోనే ఖర్చయిపోతుంది. ఆపైన, ఎక్కువ శక్తినిచ్చేది ముందు అన్న లెక్కన, ఆక్సిజన్ లేకుండా శ్వాసించే జీవుల వంతులు మొదలవుతాయి. మొదటివి నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలో కలిపేస్తాయి. నీరు నిలిచే వరికి నైట్రేట్ ఎరువు పనికిరాదనడం అందుకే. తరువాత మాంగనీస్, ఆ వెనుక ఇనుము. తుప్పురంగు ఇనుము రూపం మారి మట్టి నీలిబూడిద రంగుకు తిరుగుతుంది, ఇనుముకు అంటుకున్న భాస్వరం విడివడి పైరుకు అందుతుంది. వరికి ఈ కుదుపు వల్ల కలిగే లాభాల్లో ఇది ముఖ్యమైనది. సల్ఫేట్ వంతు కూడా అయ్యాక మీథేన్ పుట్టించే ఆర్కియా, అంటే బాక్టీరియాకు భిన్నమైన మరో తెగ ఏకకణ జీవులు, విజృంభిస్తాయి. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగను కలియదున్నిన మడిలో వాటికి మేత మరీ ఎక్కువ.

విశేషమేమిటంటే, ఆక్సిజన్ గిట్టని ఈ ఆర్కియా ఎండు నెలల్లోనూ నశించక, సంఖ్యలో పెద్దగా తగ్గక నిద్రాణంగా ఉంటాయి. ఏటా మారేది ప్రధానంగా ఎవరు పనిలో ఉన్నారన్నదే కాని, ఎవరు ఉన్నారన్నది అంతగా కాదు. అటువంటి నిండు కొలువులో సీసాలోంచి దిగిన కొత్తవారికి చోటు దొరకడం కష్టం. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి, తరతరాలుగా ముంపుకు అలవాటుపడిన ఈ నేలకు కుదుపే ఏటా వచ్చే సహజ ధర్మం కావడం, దానికి మరికొన్ని కుదుపులు అవసరం కావడం.

ఆ కుదుపులు మడిని మధ్యమధ్య ఆరబెట్టడమే. మడిలో పాతిన రంధ్రాల గొట్టంలో నీటిమట్టం నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడిపే తడి-పొడి పద్ధతి, పూత దశలో మాత్రం నీరు నిలిపి ఉంచితే, దిగుబడికి దెబ్బ లేకుండా మీథేన్‌ను సుమారు సగానికి తగ్గించగలదు. ఆరినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరిగినా, మొత్తం మీద లాభమే ఎక్కువ. అయితే మడి నుంచి మడికి నీరు పారే ఆయకట్టులో ఒక్క రైతు తన మడిని ఆరబెట్టుకోలేడు కనుక, ఆ నిర్ణయం పంట కాలువ మొత్తానికి, వంతుల వారీగా నీరు వదిలే వారబందీలోనే జరగాలి.