గడియారంలో కోడిపుంజు

ఒక శనివారం మధ్యాహ్నం ఐదో తరగతి పిల్లలకు తెల్లకాగితాలు ఇచ్చి, మీకు ఇష్టమొచ్చిన బొమ్మ వేయండని చెప్పాను. అరగంట తర్వాత కాగితాలు తీసుకుని చూస్తే దాదాపు అన్నింటిలోనూ ఒకటే బొమ్మ. త్రికోణాల్లాంటి రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ఒక ఏరు, ఒక పెంకుటిల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. మా ఊళ్లో కొబ్బరిచెట్టు ఒక్కటీ లేదు. తరగతి కిటికీలోంచి కనిపించే గుట్ట త్రికోణంగా ఉండదు, పైన చదునుగా పరుచుకుని ఉంటుంది. ఈ బొమ్మ పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే సిగ్గేసింది. రెండేళ్ల క్రితం బోర్డు మీద గీసి, చూసి వేయమన్నది నేనే. నా చిన్నప్పుడు మా సారు నాకు అలాగే గీసి చూపించాడు.

ఇలాంటిదే ఇంకొకటి మనమందరం చూస్తున్నాం. ఏజెన్సీలో కొత్తగా సున్నం వేసిన ఆఫీసు గోడల మీద, బస్టాపుల మీద ఎర్రటి రంగు పూసి, తెల్లటి పుల్లల్లాంటి మనుషులు గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నట్టు వేస్తారు. అడిగితే ఆదివాసీ కళ అంటారు. ఆ బొమ్మలు మహారాష్ట్రలో ఠాణే, పాల్ఘర్ వైపు ఉండే వార్లీలవి. వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లకు, పంటలకు, దేవతలకు సంబంధించిన అర్థం వాటికి ఉంది. జీవ్యా సోమా మాషే వంటి గొప్ప చిత్రకారుడు ఆ బొమ్మలను లోకానికి చూపించాడు. తప్పు వార్లీలది కాదు. అచ్చు పెట్టి రంగు కొట్టేసి, గోండులకూ కొలాములకూ కోయలకూ కొండరెడ్లకూ కలిపి ఇదే మీ కళ అని చెప్పేవాళ్లది. మన పిల్లలు రోజూ ఆ గోడ ముందు నుంచే బడికి వస్తారు. అందులో తమ ఊరు కనిపించదు, తమ చేయి కనిపించదు.

ఈ రెండు బాధలకూ నాకు ఒక పుస్తకంలో కొంత జవాబు దొరికింది. దాని పేరు ‘ద లండన్ జంగిల్ బుక్’. బొమ్మలు వేసింది భజ్జు శ్యామ్. చెన్నైలోని తారా బుక్స్ 2004లో అచ్చువేసింది. పిల్లల పుస్తకంలా రంగురంగులుగా ఉంటుంది, చూస్తుంటే నవ్వొస్తుంది. కానీ మన యువకులూ ఉపాధ్యాయులూ దాన్ని పెద్దల పుస్తకంగానే చదవాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

భజ్జు శ్యామ్‌ది మధ్యప్రదేశ్‌లో నర్మద వైపున్న పాటన్‌గఢ్ అనే పల్లె. ఆయన ప్రధాన్ గోండు. ప్రధాన్లు మనకు కొత్తవాళ్లు కాదు. ఆదిలాబాద్ వైపు కూడా రాజ్‌గోండుల ఇళ్లకు వచ్చి కిక్రి వాయిస్తూ పేన్‌ల కథలు, వంశాల కథలు చెప్పేది ప్రధాన్లే, తోటీలే. అక్కడ వాళ్ల వాయిద్యం పేరు బానా. నల్లమద్ది చెట్టు కింద కూర్చుని బానా వాయిస్తే బడాదేవ్ మేలుకుంటాడని వాళ్ల నమ్మకం. రోజులు మారి, పోషించే ఇళ్లు చితికిపోయి, కథ చెబితే గింజలు పెట్టేవాళ్లు తగ్గిపోయారు. బానా మూగబోతున్న కాలంలో ఆ కథలు గోడ మీదికీ కాగితం మీదికీ వచ్చాయి.

దానికి దారి తీసింది అదే ఊరి జన్‌గఢ్ సింగ్ శ్యామ్. భోపాల్‌లో భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం పల్లెలు తిరుగుతూ 1981లో పాటన్‌గఢ్‌లో ఈ కుర్రవాడు గోడ మీద వేసిన బొమ్మను చూసింది. ఆయనను భోపాల్‌కు పిలిపించారు. ఆడవాళ్లు ఇళ్ల గోడల మీద మట్టిరంగులతో వేసే ముగ్గులు అప్పటికే ఉన్నాయి. వాటిని దిగ్నా అంటారు. కానీ కాగితం మీద, పోస్టర్ రంగులతో, చుక్కలూ గీతలూ నింపి, దేవుళ్లకూ జంతువులకూ రూపం కట్టే ఈ పద్ధతిని మొదలుపెట్టింది జన్‌గఢే. అందుకే దాన్ని జన్‌గఢ్ కలమ్ అని కూడా అంటారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనం గోండు చిత్రకళ అనగానే వేల ఏళ్ల నాటిది అనుకుంటాం. కాగితం మీది ఈ కళ వయసు నలభై ఏళ్లు దాటి కొంతకాలమే. నా వయసు కూడా దాదాపు అంతే. కథలు పాతవి, చేయి కొత్తది. ఒక పల్లె కుర్రవాడు మొదలుపెట్టినదాన్ని ఆయన తర్వాత ఊరు ఊరంతా అందుకుంది.

భజ్జు ఆ జన్‌గఢ్‌ను చిన్నాన్న వరుసగా పిలిచేవాడు. ఇంట్లో గడవక భోపాల్ చేరి రాత్రి కాపలా వంటి పనులు చేశాడు. తర్వాత జన్‌గఢ్ దగ్గర కుదిరి, ఆయన గీసిన బొమ్మల్లో గీతలు నింపుతూ పని నేర్చుకున్నాడు. 2002లో లండన్‌లోని ఒక భారతీయ హోటల్ గోడల మీద బొమ్మలు వేసే పని వచ్చింది. రెండు నెలలు అక్కడ ఉన్నాడు. తిరిగొచ్చి ఊళ్లోవాళ్లకు చెప్పినట్టుగా ఆ ప్రయాణాన్ని బొమ్మల్లో చెప్పాడు. అదే ఈ పుస్తకం.

అట్ట మీది బొమ్మ చూడండి. లండన్‌లో బిగ్ బెన్ అని పెద్ద గడియారం ఉంది. భజ్జు దాన్ని కోడిపుంజుతో కలిపి వేశాడు. పుంజు కన్నే గడియారపు ముఖం. పొద్దు ఎప్పుడు పొడుస్తుందో మన ఊళ్లో చెప్పేది పుంజు, వాళ్ల ఊళ్లో చెప్పేది గడియారం. రెండు కాలాలూ ఒకే ఒంట్లో ఉన్నాయి. గడియారం గొప్పదని గానీ పుంజు వెనకబడిందని గానీ ఆ బొమ్మ చెప్పదు. రెండూ ఒకే పని చేస్తాయని చూపిస్తుంది. బడి గంటకూ కోడికూతకూ మధ్య పెరిగే మన పిల్లలకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

విమానాన్ని రెక్కలున్న ఏనుగుగా వేశాడు. అంత బరువున్నది ఎలా లేస్తుందో ఆయనకు అర్థం కాలేదు. ఏనుగు ఎగిరితే ఎంత వింతో ఇదీ అంతే వింత అనుకున్నాడు. భూమి కింద నడిచే రైలును చూస్తే వానపాము గుర్తొచ్చింది. గోండుల కథల్లో భూమి కింది లోకానికి రాజు వానపామే కదా. రోజూ తనను పనికి తీసుకెళ్లి తిరిగి దింపే 30వ నంబరు ఎర్ర బస్సును కుక్కగా వేశాడు. భాష రాని ఊళ్లో అది ఒక్కటే తప్పకుండా వచ్చే నేస్తం. సాయంత్రం కాగానే సారా దుకాణాల చుట్టూ చేరే ఇంగ్లీషువాళ్లను గబ్బిలాలుగా వేశాడు. ఆ దుకాణం ఇప్పచెట్టు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో మన అడవిలో రాత్రిపూట ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు ఆ పోలిక ఎంత సూటిగా తగులుతుందో వేరే చెప్పాలా?

ఈ బొమ్మల్లో ఆట ఉంది. కానీ ఇది ఊరికే పోలికలు పెట్టి నవ్వించడం కాదు. తెలియని చోటికి వెళ్లిన మనిషి ముందు రెండు దారులు ఉంటాయి. తనకున్నదంతా దాచేసుకుని అక్కడివాళ్లను అనుకరించడం ఒకటి. భయంతో ముడుచుకుపోవడం ఇంకొకటి. హాస్టల్లో చేరిన మొదటి నెలలో మన పిల్లలు ఈ రెండింటిలో ఏదో ఒకటి చేస్తారు. భజ్జు మూడో దారి పట్టాడు. కొత్త వస్తువును చూసి, ఇది మా ఊళ్లో దేనికి చుట్టం అని అడిగాడు. అడగడానికి ఆయన దగ్గర కథలున్నాయి, జంతువులున్నాయి, చెట్లున్నాయి. వాటితో లండన్‌కు పేర్లు పెట్టేశాడు.

పుస్తకం పేరులోనూ ఈ ఆట ఉంది. కిప్లింగ్ రాసిన జంగిల్ బుక్ కథ సాగేది సివనీ అడవుల్లో. అది గోండుల నేల. పాటన్‌గఢ్‌లోనే కాపురముండి వెరియర్ ఎల్విన్ ఆదివాసుల గురించి పుస్తకాలు రాశాడు. మన ఆదిలాబాద్‌లో మార్లవాయిలో ఉండి హైమెన్‌డార్ఫ్ గోండుల గురించి రాశాడు. వాళ్లు చేసిన మంచిని మనం మరవం. కానీ చూసేది ఎప్పుడూ వాళ్లే, చూడబడేది ఎప్పుడూ మనమే. ఇక్కడ ఒక గోండు వెళ్లి లండన్‌ను చూశాడు, వాళ్ల అలవాట్లను రాసుకొచ్చాడు, వాళ్ల ఊరిని అడవి అన్నాడు. కోపం లేకుండా, నవ్వుతూ అన్నాడు. అందుకే వాళ్లూ కాదనలేకపోయారు.

మన పెద్దలకు ఈ ఆట కొత్త కాదు. దండారి రోజుల్లో గుస్సాడీని గుర్తు తెచ్చుకోండి. నెమలి ఈకల పెద్ద టోపీ, ఒంటికి బూడిద, మెడలో పూసలు, చేతిలో కర్ర. అతను దేవుడి వేషం. అతనే ఊరందరినీ ఆటపట్టిస్తాడు, పిల్లల వెంట పడతాడు, వింత చేష్టలు చేస్తాడు. నవ్వించినంత మాత్రాన అతని మీద భక్తి తగ్గదు. గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అలాగే ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో సవరలు పెద్దల ఆత్మల కోసం ఇంటి గోడ మీద బొమ్మ వేస్తారు. ఆ బొమ్మల్లో గుర్రాలూ జింకలతో పాటు రైళ్లు, విమానాలు, సైకిళ్లు కూడా ఉండటం ఎల్విన్ తన రోజుల్లోనే చూసి రాశాడు. కొత్తగా కంటపడిన ప్రతిదాన్నీ మనవాళ్లు తమ గోడ మీదికి తెచ్చుకున్నారు. గోడ మైలపడుతుందని అనుకోలేదు.

రంగులూ ఆటా ఉన్నచోట బరువైన విషయం ఇమడదని కొందరంటారు. వాళ్లు ‘భీమాయన’ చూడాలి. అంబేడ్కర్ జీవితం మీద దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ దంపతులు బొమ్మలు వేసిన పుస్తకం అది, 2011లో వచ్చింది. వాళ్లదీ జన్‌గఢ్ దారే. అందులో మంచి మాటలు పక్షి ఆకారంలో ఉంటాయి. కులం పేరుతో అవమానించే మాటలకు తేలు కొండి ఉంటుంది. నీళ్లు ముట్టనివ్వని మాట ఎలా కుడుతుందో నేను పాఠంగా చెబితే అరగంట పడుతుంది. ఆ కొండి చూడగానే పిల్లవాడికి తెలుస్తుంది.

ఇక లండన్ జంగిల్ బుక్‌లో నాకు వెలితి అనిపించినవి. భజ్జు హిందీలో చెప్పిన మాటలు ఇంగ్లీషులో అచ్చయ్యాయి. బొమ్మే చెప్పేసిన నవ్వును పక్కనున్న మాట మళ్లీ వివరిస్తుంటే, వేరెవరికో మన గురించి చెబుతున్నట్టు అనిపిస్తుంది. ఆయన అతిథిగా వెళ్లిన మర్యాద పుస్తకమంతా కనిపిస్తుంది. ఆయన కూలికి వెళ్లిన పనిమనిషి కూడా. ఆ గోడల పని గురించి, చలిలో ఆ చేతుల గురించి ఇంకా వినాలనిపించింది. ఎందుకంటే ఆయన బయలుదేరడానికి ముందటేడే, 2001లో, జపాన్‌లోని ఒక మ్యూజియంలో బొమ్మలు వేయడానికి వెళ్లిన జన్‌గఢ్ ఇంటికి దూరంగా అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఆ దుఃఖం మోస్తూ విమానమెక్కిన మనిషి ఆ విమానాన్ని రెక్కల ఏనుగుగా వేశాడు. ఇది తెలిశాక ఆ బొమ్మను నేను మునుపటిలా చూడలేకపోయాను. మన యువకులు కళతో బయటికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ఒప్పందం చదువుకోవాలి, తిరిగొచ్చే తేదీ తెలుసుకోవాలి, బొమ్మ కింద తమ పేరు ఉండేలా చూసుకోవాలి. ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ ఉండాలి.

మళ్లీ మా తరగతికి వస్తాను. పుస్తకం చూశాక పిల్లలకు బోర్డు మీద ఏమీ గీయలేదు. ఒక ప్రశ్న మాత్రం అడిగాను. మన ఊరికి వచ్చే బస్సు ఏ జంతువు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గొడవ మొదలైంది. ఒకడు గేదె అన్నాడు, వానాకాలం బురదలో కూర్చుంటే లేవదట. ఒకమ్మాయి కోడిపెట్ట అంది, సంత రోజు అందరినీ రెక్కల కింద కుక్కుకుంటుందట. ఇంకో పిల్ల సెల్ టవరును ఒంటికాలి మీద నిలబడ్డ కొంగగా వేసింది. ఎప్పుడూ ఏదో దొరుకుతుందని చూస్తుంది, ఏమీ దొరకదు అని చెప్పింది. మా ఊళ్లో సిగ్నలు ఎలా ఉంటుందో దీనికంటే బాగా నేను చెప్పలేను.

తర్వాత వారం ఇంకో పని చేశాం. జన్‌గఢ్ దారిలో నడిచే చిత్రకారుల్లో ఒక్కొక్కరికి ఒక్కో నింపుడు గుర్తు ఉంటుంది. ఒకరి చుక్కలు ఇంకొకరు వేయరు. సంతకం లేకపోయినా బొమ్మ ఎవరిదో చెప్పేయవచ్చు. మీ గుర్తు మీరే వెతుక్కోండని పిల్లలను ఇంటికి పంపాను. చేప పొలుసు, తట్ట అల్లిక, దువ్వెన పళ్లు, నాగలి చాలు, జొన్నగింజల వరుస, వాళ్లమ్మ చేతి పచ్చబొట్టు తెచ్చారు. ఒకడు చెప్పు అడుగున ఉండే గీతలు తెచ్చాడు. మొదట వద్దందామనుకున్నాను. భజ్జు బస్సు గుర్తొచ్చి ఊరుకున్నాను. వాడి నెమలి ఒళ్లంతా ఇప్పుడు చెప్పు గుర్తులే. అందంగానే ఉంది.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇంతే. బొమ్మ గీసి చూపించకండి, ప్రశ్న అడగండి. రంగులు కొనలేకపోతే జాజు ఉంది, బొగ్గు ఉంది, పుట్టమన్ను ఉంది. పిల్లలు వేసినదాని కింద వాళ్ల పేరు వాళ్ల చేతే రాయించండి. గోడకు రంగులు వేయడానికి ఎవరైనా అచ్చులు పట్టుకుని వస్తే, ఆ గోడలో ఒక మూల పిల్లలకు వదిలేయమని అడగండి.

మా బడి గోడ మీద ఇప్పుడు కొబ్బరిచెట్టు లేదు. కొంగ ఉంది, కోడిపెట్ట ఉంది. చదును గుట్ట కూడా ఉంది. దాన్ని ఒకడు పడుకున్న దున్నపోతుగా వేశాడు. కిటికీలోంచి చూసినప్పుడల్లా నాకూ ఇప్పుడు అది దున్నపోతులాగే కనిపిస్తోంది.