పెద్దమ్మకు బీపీ చూడాలి

మళ్లీ కాగితం. ఈ వారం మా బస్తీ దవాఖానాకు తొమ్మిది ప్రశ్నల ఫారం వచ్చింది. గడిచిన రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా ఉంది, పనుల మీద ఆసక్తి తగ్గిందా అని అడిగి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వెయ్యాలి. కాగితాలతో నాది పాత గొడవ. మొదటి పేషెంటే "ఆసక్తి అంటే ఏంది సార్?" అంది. లోలోపల సంబరపడ్డాను.

దిగులని చెప్పి మా దగ్గరికి ఎవరూ రారు. తలకాయ నొస్తది, కాళ్లు గుంజుతయి, నిద్ర పడ్తలేదు, ఓ సూది ఎయ్యుండ్రి. బీ కాంప్లెక్స్ రాసిస్తే లైను కదులుతుంది. కాస్త ఆగితే మొగుడి తాగుడో, కూతురి కాపురమో, చిట్టీ డబ్బు ఎగ్గొట్టిన మరిదో బయటికొస్తారు. దీనికి తెలంగాణలో చక్కని మాట ఉంది: రంది. జింబాబ్వేలో షోనా భాషవాళ్లు 'కుఫుంగిసిస' అంటారు, అతిగా ఆలోచించడం. అక్కడి సైకియాట్రిస్టు డిక్సన్ చిబండా 2006లో మొదలుపెట్టిన స్నేహపు బల్ల గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో! క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీ, దాని మీద శిక్షణ పొందిన ఓ అవ్వ, పక్కన కష్టం చెప్పుకునే మనిషి. వినే చెవి ఉంటే చాలు, ఫారాలెందుకని ప్రతిసారీ ముగించేవాణ్ణి.

గురువారం ఒకామె వచ్చింది. మూడేళ్లుగా మోకాళ్ల నొప్పులకు వస్తోంది, ఎప్పుడూ పక్కన అత్త. నేనేమడిగినా అత్తే చెప్తుంది: "దీనికేం రంది సార్, కూసుండి తినుడే." ఈమె కొంగు అంచును వేలికి చుట్టి విప్పుతూ ఉంటుంది. ఈసారి మా సిస్టర్ ఫారం పట్టుకుని, "ఇది ఒక్కొక్కరినే అడగాలె పెద్దమ్మా. మీరు అటుపోయి బీపీ చూపించుకోండ్రి" అంది. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునని అనిపించిందా అని.

"శానా రోజులు."

ఇంటి గుట్టు విప్పలేదు, అత్త మీద చాడీ చెప్పలేదు. కాగితం అడిగింది, జవాబిచ్చింది. మూడేళ్లు విన్న నా చెవికి ఆ రెండు మాటలు అందలేదు. లైను ఆపేసి కూర్చున్నాం. సిస్టర్ పక్కనే ఉండి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416కు, ఫోన్ కలిపి మాట్లాడించింది.

ఆ రాత్రి స్నేహపు బల్ల మీద జింబాబ్వే రాజధాని హరారేలో జరిగిన పరిశోధన మళ్లీ తీశాను. అక్కడా మనిషి బల్ల దగ్గరికి చేరేముందు పధ్నాలుగు ప్రశ్నల కాగితం ఉంది. ఇన్నేళ్లూ ఆ పేరా దాటేసి చదివాను.

ఫారంలో 'ఆసక్తి' కొట్టేసి, సిస్టర్ పైన పెన్నుతో 'పని చేయబుద్ధైతలేదా' అని రాసుకుంది. ఆమెను మంగళవారం రమ్మన్నాం. అత్తకు మళ్లీ బీపీ చూడాలని కూడా చెప్పి పంపాం.