చెరలోని గ్రహాంతరవాసి

ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురా తెలుగువారికి పరిచితమైన పేరే. రైలు పనులకై వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. ఆ పట్టణంలోనే హిజ్లీ వద్ద 1930లో ఆంగ్లప్రభుత్వం ఒక నిర్బంధ శిబిరం తెరచినది. విచారణ లేకుండానే దేశభక్తులను అందులో ఉంచినారు. 1931 సెప్టెంబరు 16న కావలివారు కాల్పులు జరుపగా సంతోష్‌కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే నిరాయుధులైన బందీలు మరణించినారు. రవీంద్రులు ఈ ఘాతుకాన్ని బహిరంగంగా ఖండించినారు. స్వదేశంలోనే మనిషి పరాయివాడైన తీరు ఇది. వైజ్ఞానిక కథలలో మాటిమాటికీ కనబడే గ్రహాంతరవాసి చెరను అర్థం చేసికొనుటకు మనకు ఇంతకంటె దగ్గరి తావు లేదు.

ఈ చెర కేవలం వింత కొరకు కల్పించినదనుకొనుట పొరపాటు. వాల్టర్ టెవిస్ 1963లో ప్రకటించిన ‘ద మాన్ హూ ఫెల్ టు ఎర్త్’ నవలలో న్యూటన్ అనే పరగ్రహవాసి తనవారిని కాపాడుకొనుటకు భూమికి వస్తాడు. అధికారులు అతనిని నిర్బంధించి పరీక్షిస్తారు. ఎక్స్‌కిరణాలు అతని చూపును హరిస్తాయి. వారికి అతనిపై పగ లేదు. అతని మాట వారి చెవికెక్కలేదు, అంతే. పగకంటె ఈ చెవుడే భయంకరమైనది. 2009లో వచ్చిన ‘డిస్ట్రిక్ట్ 9’ చిత్రం జొహానెస్‌బర్గులో గ్రహాంతరవాసులను శిబిరంలో కుక్కి, దక్షిణాఫ్రికా వర్ణవివక్షను గుర్తుకు తెస్తుంది.

అయితే ఇందులో ఒక లోపం పొంచి ఉన్నది. పరగ్రహవాసి మన బాధకు తొడిగిన ముసుగు మాత్రమే అయితే, మనవలె ఉన్నవానికే న్యాయం చెల్లుతుందని ఒప్పుకొన్నట్లవుతుంది. మనవలె లేనివానికి సైతం న్యాయం కలదా అన్నదే ఈ సాహిత్యం అడుగవలసిన అసలు ప్రశ్న.

సత్యజిత్ రాయ్ 1962లో వ్రాసిన ‘బంకుబాబుర్ బంధు’ ఈ ప్రశ్నను తలక్రిందులు చేసినది. వెదురుపొదలలో దిగిన ఆంగ్ అనే అతిథిని ఎవరూ బంధింపరు. బందీ బంకుబాబే; ఊరి పెద్దల ఎగతాళియే అతని చెరసాల. ఎదిరించి నిలువుమని పరాయివాడు చెప్పిన తరువాతనే ఆ పల్లెటూరి ఉపాధ్యాయుడు నోరు విప్పుతాడు. ఇక్కడ ఆంగ్ ఎవరికీ ప్రతీక కాడు, అతిథి మాత్రమే. అతని మాట వినువాడొకడు దొరికినాడు. ఆ వినుటలోనే ఇద్దరి స్వేచ్ఛయు ఉన్నది.

హిజ్లీ శిబిరపు భవనంలోనే 1951లో తొలి భారతీయ సాంకేతిక విద్యాసంస్థ (ఐఐటీ) వెలసినది. చెరసాల విద్యాశాల అయినది, మంచిదే. కాని విజ్ఞానం గోడలను మార్చగలిగినంత సులభంగా కావలివాని మనస్సును మార్చలేదు. ఆ పని కొరకే ఈ కథలు.